పౌడరు డబ్బాలో సున్నం

ఇంగ్లాండులో నేను చూసిన చర్చి గోపురం ఉదయగిరి కొండంత ఎత్తు ఉంటుందని ఆత్మకూరు బస్టాండు ఎదుట టీ అంగట్లో చెప్పాను. అబద్ధం. మా ఊరి నీళ్ల ట్యాంకు పక్కన నిలబెడితే దాని భుజం దాకా కూడా రాదు. ఆదివారం మూడు వందల మంది గొంతెత్తి పాడతారని చెప్పాను. అదీ అబద్ధమే. ఆ పల్లెలో ఉండేదే పాతిక ఇళ్లు. నేను పోయింది బుధవారం. చర్చిలో ఉన్నది ఒకే ఒక ముసలామె. ఆమె పాడటం లేదు, వాడిపోయిన పూలు ఏరి బకెట్లో వేస్తోంది.

ముప్పై ఏళ్లు ఉదయగిరి, ఆత్మకూరు బస్సులో కండక్టరుగా చేశాను. "లోపల ఖాళీగా ఉండాది, ఎక్కండెక్కండి" అని ఎన్ని వేల సార్లు అబద్ధం చెప్పానో లెక్క లేదు. ఆ అబద్ధాలు జనాన్ని ఇంటికి చేర్చాయి కాబట్టి వాటి గురించి నాకు దిగులు లేదు. ఆ చర్చి గురించి చెప్పిన వాటిలో ఒకటి మాత్రం రెండేళ్లు ఒక తల్లి ఇంట్లో గోడకు వేలాడింది. ఈ రాత దాని కోసమే.

ఆ తల్లిది ఉదయగిరి కొండ కింద చెరువు పక్క పల్లె. మొగుడు చిన్న వయసులోనే పోయాడు. పొద్దున్నే నా మొదటి బస్సెక్కి నాట్లకనీ కలుపులకనీ అనంతసాగరం వైపు పోయేది. నన్ను కండక్టరన్నా అనేది. ఆమెకు ఒక్కతే కూతురు. ఆ పిల్ల ఆత్మకూరులో ఇంటరు చదివినన్నాళ్లు ఇంజను పెట్టె మీద కూర్చుని, కాళ్లు కాలుతున్నా లేవకుండా పుస్తకం చదువుకుంటూ వచ్చేది. తర్వాత నర్సు చదివింది. ఇంగ్లాండులో ఏదో పల్లెలో ముసలోళ్లను చూసుకునే ఇంట్లో పనికి పోయింది. కరోనా రోజుల్లో అక్కడే చనిపోయింది. శవం రాలేదు. ఆ పల్లె చర్చి దొడ్లోనే పూడ్చారు. మాస్కులు కట్టుకున్న నలుగురు తాళ్లతో పెట్టెను దించుతుంటే ఫోన్లో చూసింది తల్లి. అది కూడా ఒక్కసారే. మధ్యలో బొమ్మ ఆగిపోయింది.

మా చిన్నమ్మాయి కాన్పుకని నేను ఆ దేశం బయల్దేరుతున్నట్టు తెలిసి, ఆమె పనిగట్టుకుని ఆత్మకూరు వచ్చింది.

"కండక్టరన్నా, ఆ దేశం పోతా ఉండావంట గదా."

"పోవాల్సిందేమ్మా. అక్కడి రాజుగారు నా కోసం బస్సు ఆపి పెట్టుకోనుండాడు."

"ఎగతాళి తర్వాత చేద్దువు. నా బిడ్డ సమాధికి సున్నం కొట్టిరా."

ఈ సున్నం సంగతి తెలియని వాళ్లకు చెప్పాలి. ఆమె పల్లెలో క్రైస్తవులు నవంబరులో వచ్చే సమాధుల పండగకు ముందు ఎవరి సమాధులకు వాళ్లు సున్నం కొడతారు. కూలికి మనిషిని పెట్టరు, సొంత చెయ్యే పడాలి. పండగనాడు తెల్లగా లేని సమాధి ఉందంటే ఆ మనిషి తాలూకు ఎవరూ మిగల్లేదని లెక్క. ఆడవాళ్లు కొట్లాడుకుంటే చివరాఖరికి వచ్చే తిట్టు "నీ సమాధి మాసిపోను" అనేదే. ఆ మాట పడ్డాక ఇక మాటలుండవు, జుట్లు పట్టుకోవడమే.

"అక్కడంతా పాలిష్ రాళ్లు పెడతారేమోమ్మా. సున్నం ఎందుకు?"

"రాయైతే ఏంది? మన చెయ్యి పడాల గదా. నాలుగు పండగలు పోయినాయి. నా బిడ్డ మాసిపోయుండాది."

కొంగు ముడి విప్పి కాగితం పొట్లం ఇచ్చింది. పొడి సున్నం.

విమానాశ్రయంలో ఆ తెల్లపొడి చూసి పోలీసులు నన్ను చుట్టుముట్టారనీ, కుక్కల్ని తెచ్చారనీ, నేను కొంచెం వేలికి రాసుకుని నాకి చూపించి బయటపడ్డాననీ అంగట్లో చెప్పినప్పుడు ఇద్దరు నాకు టీ ఇప్పించారు. నన్నెవరూ ఆపలేదు. సున్నాన్ని పౌడరు డబ్బాలో పోసుకుని పోయాను. ముసలోడి పెట్టెలో పౌడరు డబ్బా ఎవరికి కావాలి?

మా అమ్మాయి ఊరి నుంచి ఆ పల్లెకు రెండు బస్సులు మారాలి. రెండో బస్సులో నేనూ డ్రైవరూ అంతే. కండక్టరు లేడు. దిగాల్సిన చోటు రాగానే పాత అలవాటుకు చెయ్యి పైకి పోయి బస్సు టాపు మీద రెండు దెబ్బలు వేసింది. డ్రైవరు అద్దంలో నన్ను ఒక చూపు చూశాడు.

చినుకులు పడుతున్నాయి. సన్నటి దోవ, రెండు వైపులా మనిషెత్తు కంచె మొక్కలు. ఒక ఇంటి ముందు బల్ల మీద కోడిగుడ్లు అమ్మకానికి పెట్టి ఉన్నాయి, అమ్మే మనిషి లేడు. పిల్లలు లేరు, కుక్క మొరగలేదు. ఆ పిల్ల పని చేసిన ముసలోళ్ల ఇల్లు వెతుక్కుంటూ పోతే కిటికీలకు చెక్కలు కొట్టేసి ఉన్నాయి. ఎప్పుడో మూసేశారు. ఆ పిల్లను ఎరిగిన మనిషిని ఒక్కరినన్నా చూస్తాననుకుని పోయాను. చర్చి దోవ పట్టాను.

చర్చి ఎనిమిది వందల ఏళ్లనాటిదట. బూడిద రంగు రాళ్లు. తలుపు ఎంత పొట్టిదంటే నాబోటి పొట్టివాడు కూడా తల వంచాల్సిందే. లోపల బయటకంటే చలి. తడిసిన పుస్తకాల వాసన. మోకాళ్ల కింద పెట్టుకునే చిన్న దిండ్లు వరసగా కొక్కేలకు వేలాడుతున్నాయి, ఒక్కొక్క దాని మీద ఒక్కొక్క పువ్వు కుట్టి ఉంది. ఎవరో చేత్తో కుట్టినవి. వాటిమీద మోకాళ్లు మోపేవాళ్లు మాత్రం లేరు.

పూలు ఏరుతున్న ముసలామెకు పిల్ల పేరు చెప్పాను. అర్థం కాలేదు. కాగితం మీద రాసి చూపించాను. ఆమె బీరువా తెరిచి మంచం దుప్పటంత కాగితం తీసి పరిచింది. చర్చి దొడ్డి పటం అది. గళ్లు, గళ్లలో అంకెలు. వేలితో గళ్లన్నీ వెతికి ఒక గడి దగ్గర ఆగింది. ఆపైన నా మొహం చూసి, రబ్బరు బూట్లు తొడుక్కుని నన్ను చర్చి వెనక్కు తీసుకుపోయింది.

వెనక పక్క ఎండ పడని చోటు. చర్చిలో వాడిన పూలు తెచ్చి కుప్ప పోసే మూల. ఆ కుప్పకు నాలుగు అడుగుల దూరంలో గడ్డి. అక్కడ నేల కొంచెం కుంగి ఉంది. అంతే. దిమ్మె లేదు, రాయి లేదు. కొయ్య సిలువ ఒకటి ఉండేదనీ, పోయిన చలికాలం విరిగిపడితే షెడ్డులో దాచాననీ, ఎవరికి ఉత్తరం రాయాలో తెలియలేదనీ ఆమె చెప్పింది. నాకు అర్థమైనంత వరకు అదీ సంగతి. సారీ అని మాత్రం ఐదుసార్లు అంది. నన్ను ఒంటరిగా వదిలి లోపలికి పోయింది.

అక్కడ మోకాళ్ల మీద కూలబడి ఏడ్చానని ఊళ్లో చెప్పాను. ఏడవలేదు. నాకు ఒంటేలు వస్తోంది. తిరుగు బస్సుకు నలభై నిమిషాలు ఉంది. చేతిలో పౌడరు డబ్బా పట్టుకుని, దీన్ని ఇప్పుడు దేనికి కొట్టేది అని నిలబడ్డాను. గడ్డి మీద సున్నం చల్లితే కబడ్డీ బరిలా ఉంటుంది. గోడ వారన రాళ్లు పడి ఉన్నాయి. నాలుగు రాళ్లు తెచ్చి చుట్టూ పెట్టి వాటికి కొట్టి ఉంటే సరిపోయేది. పది నిమిషాల పని. ఆ నాలుగు రాళ్లు నాకు ఇప్పుడు రోజూ కనిపిస్తాయి. అప్పుడు కనిపించలేదు. ఆ తల్లికి ఫోన్లో ఏం చూపించాలా అన్నదొక్కటే బుర్రలో తిరిగింది.

చర్చి ముందు పక్కకు వచ్చాను. అక్కడ బ్రహ్మాండమైన రాళ్లున్నాయి. వాటిలో పక్కకు ఒరిగిన చిన్న రాయి ఒకటి, పైన గుండ్రంగా చెక్కింది, చూసుకున్నాను. అక్షరాలు సగం అరిగిపోయి ఉన్నాయి, ఎవరో మగమనిషి పేరూ రెండొందల ఏళ్లనాటి తేదీ మాత్రం తెలుస్తున్నాయి. నీళ్ల సీసాలో కొంచెం సున్నం కలిపి, చేతిగుడ్డతో ఆ రాయి అంచులకు పూశాను. అక్షరాల మీద పడకుండా జాగ్రత్తగా పూశాను. ఫోటో తీశాను.

ముసలామె పూల బకెట్టుతో పరుగెత్తుకొచ్చింది. "వెరీ ఓల్డ్! వెరీ ఓల్డ్!" అంది. నన్నే అంటోందేమో అనుకున్నాను. రాయినట. బకెట్లోని పూల నీళ్లు రాయి మీద పోసి తన స్వెట్టరు చెయ్యితోనే తుడిచింది. తిట్టలేదు. తుడిచాక వెనక పక్కకు చెయ్యి చూపించి, ఆ పిల్ల అక్కడ గదా, దీనికెందుకు పూశావు అన్నట్టు అడిగింది. నాకు ఇంగ్లీషు రానట్టు నటించాను. వచ్చినంత కూడా రానట్టు నటించాను.

తిరిగొచ్చాక ఫోటోను స్టూడియోలో పెద్దది చేయించి, ఫ్రేము కట్టించి ఉదయగిరి తీసుకుపోయాను. ఆమె ఫ్రేమును ఒళ్లో పెట్టుకుంది. చదువు రాదు.

"దాని పేరు యాడుండాది అన్నా?"

"ఇదో, ఇదే మొదటి అక్షరం."

ఆమె వేలు పట్టుకుని ఒక అక్షరం మీద పెట్టాను. ఏదో అక్షరం. ఆమె దాని మీద మూడుసార్లు దిద్దింది. చీపురుపుల్లతో నేల మీద రాసి, "ఇట్లేనా?" అంది. "అట్లే" అన్నాను.

రెండు పండగలు ఆ ఫోటో ముందు కొవ్వొత్తి వెలిగింది. పల్లెలో వాళ్లంతా వచ్చి చూసి, "కండక్టరన్న ఎంత సుబ్బరంగా కొట్టినాడు" అన్నారు. నేను తల ఊపాను. అదొక్కటే కాదు, పడమటి గాలికి సున్నం ఎగిరి కళ్లలో పడిందని కూడా కలిపాను.

ఈ ఏడు వాళ్ల పల్లెకు కలిగిరి నుంచి కొత్త పాస్టరు వచ్చాడు. ఇంగ్లీషు బాగా చదువుతాడట. పండగ ముందు ఇంటింటికీ ప్రార్థనకు వస్తాడట. బస్టాండులో కనిపించి ఆమే చెప్పింది.

"అయ్యగారికి ఫోటో చూపిస్తానన్నా. రాయి మీద ఏం రాసుండాదో అంతా చదివి చెప్పమంటా."

ఆమె మొహంలో అంత వెలుగు నేను బస్సులో కూడా ఎప్పుడూ చూడలేదు. మర్నాడు మొదటి బస్సెక్కి ఉదయగిరి పోయాను. మనస్సాక్షి తరిమితే పోయానని రాద్దామనుకున్నాను. కాదు. పాస్టరు నోటితో బయటపడితే ఆ పల్లెలో ఇక అడుగు పెట్టలేనని పోయాను.

ఆమె వాకిట్లో చేటలో కందులు చెరుగుతోంది.

"అమ్మా, ఆ రాయి నీ బిడ్డది కాదు."

చేట ఆగింది.

"మరి ఎవురిది?"

"ఎవురో మొగమనిషిది. ఎప్పుడో రెండొందల ఏళ్లనాడు పోయిన ముసలోడు."

"నువ్వు నేర్పించిన అక్షరం?"

"ఆయన పేరులోది."

ఆమె కందుల్లో ఒక రాయి ఏరి పక్కన పడేసింది.

"నా బిడ్డ యాడుండాది?"

"చర్చి వెనకాల."

"ఎండ పడతాదా?"

"పడదు."

"గడ్డి ఎంతుండాది?"

"మడమ దాకా."

"మన్ను కుంగిందా?"

"కుంగింది."

"రాయి?"

"లేదు."

అడిగినదానికల్లా ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నా బతుకులో వరసగా ఇన్ని నిజాలు చెప్పడం అదే మొదలు. ఆమె లోపలికి పోయి ఫోటో దించి, బియ్యం డబ్బా మీద బోర్లా పెట్టింది.

"రెండేళ్లు ఎవురో ముసలోడికి కొవ్వొత్తి పెట్టినాను" అంది. నవ్వుతుందేమో అని చూశాను. నవ్వలేదు. "నేనిచ్చిన సున్నం ఏం చేసినావు?"

"కొంచెం పోయింది. తక్కింది డబ్బాలోనే ఉండాది."

"పండగ ముందురోజు తీసకరా."

వెళ్లాను. సమాధుల దొడ్డి నిండా జనం, బకెట్లు, బ్రష్షులు. ఆమె మొగుడి సమాధికి కొట్టడం అప్పటికే అయిపోయింది. దాని వెనక ఆరడుగుల ఖాళీ నేల ఉంది. గడ్డి పీకి, ఊడ్చి పెట్టి ఉంది.

"ఇది నాకని ఉంచుకున్న చోటు. నా బిడ్డ చర్చి వెనకాల ఉండాదన్నావు గదా. ఇదే దాని సమాధి. కొట్టు."

"నేలకా?"

"నేలకే. నీ డబ్బాలోదే కలుపు. ఈ బకెట్లోది ముట్టొద్దు."

పక్క సమాధి దగ్గర కొడుతున్నాయన లేచి చూశాడు. పోయినేడు నన్ను మెచ్చుకున్నవాళ్లలో ఒకడు.

"ఏంది కండక్టరన్నా, మట్టికి సున్నం కొడతా ఉండావు?"

నా నాలుక మీదికి మాట వచ్చేసింది. అది ఇంగ్లాండు పద్ధతని చెబితే నమ్ముతాడు. ఆమె నా వైపే చూస్తోంది.

"ఆ పొద్దు కొట్టకుండా వచ్చినానప్పా. ఫోటో ఇంకెవురి రాయిదో. అందుకు."

ఆయన బ్రష్షు బకెట్లో పెట్టి అటు తిరిగి నిలబడ్డాడు. ఆ మాట సమాధి నుంచి సమాధికి పోవడం నా వీపుకు తెలిసింది.

వంగి కొట్టాను. బ్రష్షు తీసేలోపే మట్టి తాగేసింది. తెలుపు బూడిద రంగైంది.

"మాసినట్టే ఉండాది. ఇంకో కోటింగ్ కొట్టు" అంది ఆమె.

ఎన్ని కోటింగులు కొట్టానని టీ అంగట్లో అడిగితే పది అని చెబుతున్నాను. నాలుగు. నాలుగోదానికి డబ్బా అయిపోయింది. అడుగున నీళ్లు పోసి గిలకొట్టి ఆ నీళ్లు కూడా పోశాను. మట్టి అవీ తాగేసింది. అప్పటికీ ఆమె నన్ను ఇంటికి పొమ్మనలేదు.