‘వస్తున్న’ అన్నది నా గొంతే

అబద్ధమైతే మా ఆయన్ని అడగండి. ఈ సంగతి ఎత్తితే చాలు, లేచి బయటికి వెళ్లిపోతాడు. అంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు. నవ్వేవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు మండుతుంది.

తెలంగాణ కోసం సమ్మె జోరుగా సాగుతున్న రోజులు. బస్సులు లేవు. ఆఫీసులు లేవు. రోడ్ల మీదే వంటలు, రోడ్ల మీదే ఆటపాటలు. జనగామలో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో నేను రిసెప్షన్‌లో కూర్చునేదాన్ని. మా ఆయన సారయ్య అక్కడే అంబులెన్స్ నడిపేవాడు. ఇద్దరికీ కలిపి ఒకటే సెల్లు. అది ఎప్పుడూ ఆయన జేబులోనే ఉండేది.

అప్పుడే దవాఖానకు కొత్త ఫోన్ డబ్బా పెట్టించారు. ఎవరు ఫోన్ చేసినా ముందు ఆ డబ్బానే ఎత్తుతుంది. ఒక ఆడగొంతు పలకరిస్తుంది. తర్వాత నేను రిసీవర్ ఎత్తేదాకా అవతలివాళ్లకు టింగు... టింగు... అని సంగీతం వినిపిస్తుంది. డబ్బాతో పాటు వచ్చిన గొంతు ‘నమస్కారం, దయచేసి వేచి ఉండగలరు’ అనేది. అది మనిషి కాదని మా పేషెంట్లకు ఎలా తెలుస్తుంది చెప్పండి. ఒక ముసలాయన దానికి తన మోకాళ్ల బాధంతా చెప్పుకున్నాడు. అది జవాబివ్వలేదని మరునాడు ఆటో ఎక్కి వచ్చి నా మీద పడ్డాడు.

“గంతసేపు చెప్తే ఒక్క మందు పేరన్న చెప్పవైతివి. గా మాటలేంది బిడ్డా, సినిమాల దొరసాని లెక్క?”

డాక్టరు సారు పడీ పడీ నవ్వారు. “స్వరూపా, నువ్వే చెప్పరాదు, మన మాటల” అన్నారు. అప్పుడు అందరికీ అదే పట్టుదల. మన మాటను ఇన్నేళ్లూ ఎక్కిరించింది చాలు, మన డబ్బా అయినా మనలాగా మాట్లాడాలని. నాకైతే కాళ్లు నేల మీద లేవు. డబ్బా పెట్టిన మెకానిక్ రిసీవర్ చేతికిచ్చి రికార్డు బటన్ నొక్కాడు. నేను గొంతు సవరించుకున్నాను.

“ఆఁ... జర ఆగుండ్రి. ఫోన్ పెట్టెయ్యకుండ్రి. వస్తున్న... వస్తున్న.”

అందరూ మెచ్చుకున్నారు, లచ్చవ్వ తప్ప. లచ్చవ్వ మా దవాఖానలో ఆయా. చేతిలో ఉన్న చీపురు గోడకు ఆనించి నా ముందుకొచ్చి నిలబడింది.

“చీకటి పడ్డంక ఎవలన్న పిలిస్తె మూడోసారి దాక పలుకొద్దని మీ అవ్వ చెప్పలేదా నీకు? పిలిచేది ఎవలో తెల్వకముందే వస్తున్న అంటివి. గది రాత్రంత అంటనే ఉంటది గదనే.”

“అవ్వా, గది మిషిని.”

“మిషినే. గొంతు నీదే గదా?”

నేను నవ్వేశాను గానీ ఎక్కడో గుచ్చుకుంది. మా పుట్టిల్లు చిట్యాల దగ్గర. పొద్దుగూకాక బయటి నుంచి ఎవరు పిలిచినా మా అమ్మ ఉలుకూ పలుకూ లేకుండా కూర్చునేది. మూడోసారి పిలిస్తేనే గొళ్లెం తీసేది. మనుషులైతే మూడోసారి పిలుస్తారట. కానివాళ్లు పిలవరట. నా డబ్బా మొదటి గంటకే పలుకుతుంది.

ఆ రాత్రే వచ్చింది ఫోన్.

పైన వార్డులో పేషెంట్లు నిద్రపోతున్నారు. సారయ్య అంబులెన్స్‌లో పడుకున్నాడు. లచ్చవ్వ నా కాళ్ల దగ్గర బొంత పరుచుకుంది. గంట మోగగానే నేను రిసీవర్ ఎత్తాను.

“హలో...”

జవాబు లేదు. టింగు... టింగు... టింగు...

నేను ఎత్తగానే ఆ సంగీతం ఆగిపోవాలి. పైగా అది నాకు వినపడేది కాదు, అవతల ఆగినవాళ్లకే. నా చెవిలో మోగుతోంది. దాని అడుగున, చాలా దూరంగా, ఇంకేదో ఉంది. ఊపిరి బిగబట్టి విన్నాను. వస్తున్న... వస్తున్న... నా గొంతు. 

రిసీవర్‌ను చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

“అక్కా...”

ఈసారి వేరే ఆడమనిషి. తండా మనిషి మాట్లాడే తీరు. ఇంట్లో వాళ్ల భాష వేరు కదా, తెలుగు మాటను ఒక్కొక్కటిగా ఏరుకొని పెడతారు. అలా ఉంది.

“అక్కా... వస్తున్న అంటివి.”

“ఎవరమ్మా? యాడికెళ్లి మాట్లాడుతున్నవ్?”

“జఫర్‌గఢ్ దాటినంక... కాలువ గట్టు మీద. నొప్పులు. ఒక్కదాన్నే ఉన్న.” కాసేపు ఊపిరి. “వస్తున్న అంటివి... చూస్తున్న.”

కట్ అయింది. నంబరు పడాల్సిన చోట ఏమీ లేదు. ఖాళీ.

పరుగెత్తి సారయ్యను లేపాను. చెప్పడం చెప్పేశాను గానీ, ఆయన చెప్పుల కోసం వెతుకుతుంటే నాకు భయం మొదలైంది. చెయ్యి పట్టుకున్నాను.

“పోకు. తొవ్వంత బందుంది. గా గొంతు నాకు మంచిగ అనిపించలేదు.”

“నొప్పులు పడే మనిషి గొంతు ఎట్లుంటదే? పాట పాడుతదా?”

“పాట ఇంకా మోగుతనే ఉండె. నేను ఎత్తినంక గూడ.”

“డబ్బా ఖరాబైంది. నువ్వేమో వస్తున్న అని మాటిస్తివి. ఇప్పుడు ఎట్ల పోకుంట?” అంటూ నవ్వాడు.

నిజంగానే ఒక ఆడది గట్టు మీద ఒంటరిగా పడి ఉంటే? ఆపితే ఆమె ప్రాణం. పంపితే నా మనిషి. చెయ్యి వదిలేశాను. ఆయన ఎప్పుడూ ‘పోయొస్త’ అంటాడు. ఆ రాత్రి హడావిడిలో ‘పోతున్న’ అన్నాడు. నాకు ఏడుపొచ్చింది.

అంబులెన్స్ ఎర్రలైటు మలుపు తిరిగింది. ఆ తర్వాత కాసేపటికే కరెంటు పోయింది. సమ్మె వల్ల డీజిల్ దొరక్క జనరేటర్ నిద్రపోతోంది. ఫోన్ డబ్బా తన బ్యాటరీ మీద కాసేపు కీ... కీ... అని మూలిగి ఊరుకుంది. రిసీవర్ ఎత్తి చూశాను. గాలి చప్పుడు కూడా లేదు.

ఇప్పుడు ఆయన ఫోన్ చేసినా నాకు తెలియదు.

చీకట్లో లచ్చవ్వ లేచి నన్ను ఆనుకొని కూర్చుంది. అప్పుడు... అద్దాల తలుపు కిర్రుమంది. గాలేమో అనుకున్నాను. తర్వాత...

మా వెయిటింగ్ బెంచీకి రెక్సిన్ చిరిగి ఉండేది. ఎవరు కూర్చున్నా లోపలి గాలి ఫుస్సుమని వచ్చేది. పిల్లలు దానికోసమే మళ్లీ మళ్లీ కూర్చునేవారు.

ఫుస్స్... స్... స్...

నెమ్మదిగా. బరువైన మనిషి ఒక చెయ్యి ఆనించి, ఆగి, మెల్లగా కూర్చున్నట్టు.

లచ్చవ్వ నా మణికట్టు పట్టుకుంది. “పలుకకు” అంది, పెదవులతోనే. 

నేను పలకలేదు. అవతల కూడా ఎవరూ పలకలేదు. అగ్గిపెట్టె దొరికేసరికి యుగం గడిచినట్టు అనిపించింది. గీశాను. బెంచీ మీద ఎవరూ లేరు. తలుపు వేసే ఉంది. ఇద్దరం తెల్లారేదాకా ఆ బెంచీనే చూస్తూ కూర్చున్నాం. కూర్చున్న చప్పుడు విన్నాం గానీ, లేచిన చప్పుడు వినలేదు.

కాకులు అరిచే వేళకు అంబులెన్స్ వచ్చింది. సారయ్య దిగాడు, ఒక్కడే. నేను వెళ్లి ఆయన చొక్కా పట్టుకున్నాను. ఆయన నా భుజం మీది నుంచి లోపలికి చూస్తున్నాడు.

“ఏది ఆమె? కాన్పయిందా?” అని ఆయనే అడిగాడు.

“ఎవలు?”

“గదే, నొప్పులామె. నువ్వే చెప్పినవ్ గద, ఈడికే వచ్చిందని.”

“నేనెప్పుడు చెప్పిన?”

ఆయన ముఖంలో రంగు మారడం నేను చూశాను. జఫర్‌గఢ్ దాటాక మలుపు ముందు బండి ఆపి దవాఖానకు ఫోన్ చేశాడట, సరిగ్గా ఎక్కడో అడుగుదామని. మొదటి గంటకే ఎత్తారట. ‘ఆమె ఈడికే వచ్చింది. నువ్వు ముంగటికి పోకు, వాపస్ రా’ అని నా గొంతే చెప్పిందట. వెనక టింగు టింగుమని మోగుతూనే ఉందట.

లచ్చవ్వ వైపు చూశాను. ఆమె తల దించుకొని కూర్చుంది.

ఆ పగలే సారయ్య మళ్లీ వెళ్లాడు. తాను బండి ఆపిన మలుపు అవతల, సమ్మెకని నరికిన చింత మొద్దులు రోడ్డుకు అడ్డంగా పడున్నాయి. ఒక లారీ వాటిని గుద్దుకొని ముందు భాగం నుజ్జయి ఉంది. కాలువ గట్టు తండాలో ఇంటింటికీ తిరిగి అడిగాడు. రాత్రి ఎవరికీ నొప్పులు రాలేదన్నారు. ఎవరూ ఫోన్ చేయలేదన్నారు. నిజంగా ఎవరూ లేరో, ఎవరైనా ఎదురుచూసి ఎదురుచూసి... నాకు తెలియదు. నా మనిషి నాకు దక్కాడు. దాని బదులు ఇంకెవరి దగ్గరికైనా వెళ్లాల్సిన బండి వెనక్కి తిరిగిందేమోనని ఇప్పటికీ అనుకుంటూనే ఉంటాను.

మెకానిక్ వచ్చి నా గొంతు తీసేశాడు. మళ్లీ ఆ దొరసాని గొంతే పెట్టాడు. డబ్బా మంచిగానే ఉందన్నాడు. బ్యాటరీ అయిపోయాక అది ఫోన్ ఎత్తే ప్రసక్తే లేదన్నాడు.

ఇప్పటికీ సారయ్య బయటి నుంచి ఫోన్ చేస్తే ముందు ఒక్క మాట అడుగుతాడు.

“నువ్వేనా?”

“నేనే” అంటాను.

అయినా ఇంకోసారి అడుగుతాడు. ఆ రాత్రి కూడా ముందు అదే అడిగాడట. అవతలి నుంచి కూడా ‘నేనే’ అనే వచ్చిందట.