యూరప్ మంత్రి నాకు రాసిన ఉత్తరాలు

ఆ రోజుల్లో అశోక్‌నగర్‌లో గది అద్దెకు తీసుకున్న ప్రతివాడూ సగం కలెక్టరే. మిగతా సగాన్ని తయారుచేసే బాధ్యత నాది. కోచింగ్ సెంటర్లో నేను ఎకనామిక్స్ చెబుతుంటే రెండు వందల మంది కిటికీలు పట్టుకుని వేలాడేవారు. (పదకొండు మంది. వాన పడితే నలుగురు.) క్లాసు అయిపోగానే అందరూ పుస్తకాలు సర్దుకుని వెళ్ళిపోయేవారు. చిక్కడపల్లిలో నా గది తలుపు తీస్తే పలకరించడానికి గోడ మీది బల్లి తప్ప మరో ప్రాణి ఉండేది కాదు. శనివారం సాయంత్రం మూసిన నోరు మళ్ళీ సోమవారం నల్లబల్ల ముందే తెరిచేవాణ్ణి.

అప్పట్లో యూరప్‌లో ఓ చిన్న దేశం యూరోపియన్ యూనియన్లో చేరడానికి తంటాలు పడుతోంది. ఆ పని నెత్తికెత్తుకున్న మంత్రి ఒకప్పుడు నాలాగే ఎకనామిక్స్ పంతులు. ఎన్నికల్లో నిలబడి గెలిచాడు. ఓ రోజు క్లాసు చివర్లో, పిల్లలు లేవబోతుంటే, "నిన్ననే ఆయన దగ్గర్నుంచి ఉత్తరం వచ్చింది" అనేశాను. లేచినవాళ్ళు కూర్చున్నారు! ఆ సాయంత్రం నారాయణగూడ ఇరానీ హోటల్లో నా చుట్టూ ఆరుగురు. ఇక వారానికో ఉత్తరం. (నేను రాసిన అభినందనలకు జవాబుగా అసలు వచ్చింది ఒక్క అచ్చు కార్డు, ఆయన కార్యదర్శి సంతకంతో.) "యూనియన్లో చేరడమంటే ఉమ్మడి కుటుంబంలో కొత్త కోడలిగా అడుగుపెట్టడం. వంటింటి పెత్తనం వచ్చేలోపు అందరి కంచాలూ తీయాలి" అని మంత్రిగారు నాకు రాశారన్న మాట జిరాక్సులెక్కి ఊరంతా తిరిగింది. పక్క సెంటర్ నోట్సులో దాని కింద ఎర్ర గీత కూడా గీశారు.

అందరికన్నా ఎక్కువసేపు కూర్చునేవాణ్ణి పాలమూరు అని పిలిచేవాళ్ళం. వాళ్ళ నాయన పాలమూరు నుంచి కూలికి వలసొచ్చినవాడు, వీడు అంబర్‌పేట్ బస్తీలో పెరిగిన కుర్రాడు. అందరూ వెళ్ళాక కూడా రెండో చాయ్ చెప్పి, "ఇంకేం రాసిండు సార్ మీ మంత్రి?" అనేవాడు. వాడికి గ్రూప్ వన్ ఇంటర్వ్యూ వచ్చింది. ముందురోజు సాయంత్రం, "రేపు కోడలి ముచ్చటతోనే షురూ చేస్త సార్. బోర్డు పరేషాన్ కావాలె" అన్నాడు. ఆ పూట రెండో చాయ్ నేనే చెప్పాను. నిజం చెబితే రెండో చాయ్ ఉండదు. చెప్పకపోతే వాడి ఉద్యోగమే ఉండకపోవచ్చు.

పొద్దున్నే, వాడు బస్సు మారే నారాయణగూడ బస్టాపుకు పరుగెత్తాను. వాడు ఇస్త్రీ చొక్కాలో ఉన్నాడు.

"ఆ కోడలి మాట చెప్పకు నాయనా. అది మంత్రిది కాదు."

"మరెవరిది సార్?"

"నాదే. యూరప్‌లో ఉమ్మడి కుటుంబాలెక్కడివయ్యా?"

"మరి ఉత్తరాలు?"

"అవీ నావే."

"గిప్పుడు చెప్తున్రా సార్? మా నాయన సిమెంటు బస్తాలు మోసుకుంట నన్ను మీ కాడికి పంపిండు."

బస్సొచ్చింది. "నేనూ వస్తానురా" అన్నాను. "వద్దు సార్" అని ఎక్కేశాడు.

ఉద్యోగం వచ్చింది. ఆ వార్త నాకు వేరేవాళ్ళు చెప్పారు. ఇరానీ హోటల్లో మళ్ళీ ఒకటే చాయ్.

ఇప్పుడు వాడు పెద్ద ఆఫీసర్. వారం వారం నాకు ఫోన్ చేస్తాడని పార్కులో వాకింగ్ మిత్రులకు చెబుతుంటాను. (చేయడు.) మొన్న నారాయణగూడ చౌరస్తాలో సిగ్నల్ దగ్గర ఆగిన ఓ కారు అద్దం దిగింది. "సార్, మంచిగున్నరా?" నెరిసిన మీసాల వెనక పాలమూరే! నేను తేరుకునేలోపు పచ్చదీపం వెలిగింది, కారు కదిలింది. ఇంకొక్క నిమిషం ఎరుపు ఉండి ఉంటే, ఈ వయసులో కూడా, "మొన్న మళ్ళీ రాశాడయ్యా మంత్రి" అనేసేవాణ్ణే.