రాజుకు స్వాగతం చెప్పబోయినవాళ్లు

మహాలయ పక్షం మొదలైన వారం, ఒక మధ్యాహ్నం, కంబోడియా నుంచి వచ్చి కోల్‌కతాలో పాళీ చదువుతున్న యువ భిక్షువు ఆ ఊరి పక్కనే లిలువాలో ఉన్న మా రైల్వే క్వార్టర్‌కు ఒక ఫోటో తెచ్చాడు. పాత ఫోటోలు బాగుచేయడం నా పని; అతను ఉంటున్న విహారంలోని పాత పుస్తకాలూ స్కాన్ చేసిపెట్టాను, అలా పరిచయం. ఇద్దరం బెంగాలీలో మాట్లాడుకుంటాం; అతను నన్ను దాదా, అంటే అన్నయ్యా అంటాడు, నేను భిక్షువులను పిలిచినట్టు భంతే అంటాను.

ఫోటోలో ముందు వరసలో ముగ్గురు: ఒక జనరల్, ఆ ప్రాంతపు గవర్నర్, ఒక కర్నల్. వెనక నిలబడ్డ అధికారుల్లో కుడి చివరి మనిషి భిక్షువుగారి తాతయ్య, అమ్మకు తండ్రి. ముఖం స్పష్టంగానే ఉంది. ఛాతీ మీద మాత్రం పసుపుపచ్చని బూజు మచ్చ.

"ఆ మచ్చ కింద పతకాలున్నాయా లేదా? అది తెలిస్తే చాలు దాదా," అన్నాడు.

మా అమ్మ టీ తెచ్చి తొంగిచూసింది. "ఏటిరా, ఇంత ముస్తాబయ్యారు? పెళ్లికెల్తన్నారేటి?"

అమ్మ మాట అతనికి బెంగాలీలో చెప్పాను. అతను నవ్వాడు. "వాళ్లూ దాదాపు అలాగే అనుకున్నారు మాసీమా."

1975లో, కంబోడియాలో తిరుగుబాటుదారులు గెలిచిన కొత్తలో, ఓడిపోయిన సైన్యాధికారులకు కబురు వచ్చిందట: రాజుగారు తిరిగి వస్తున్నారు, స్వాగతం చెప్పాలి, పతకాలన్నీ పెట్టుకుని రండి. జనరల్ నమ్మాడు. ఆయన నమ్మాడు కాబట్టి మిగతావాళ్లూ బట్టలు ఇస్త్రీ చేయించుకున్నారు. లారీలు విమానాశ్రయం వైపు బయలుదేరాయి, చేరలేదు; దారిలోనే అందర్నీ కాల్చేశారు. మామూలు దుస్తుల్లో ఆఫీసు కాపలాకు ఉండిపోయిన కొందరు సరిహద్దు దాటి బతికారు.

తాతయ్య ఏ గుంపులో ఉన్నాడో ఇంట్లో ఎవరికీ తెలియదు. లారీలు కదిలే ముందు తీసిన ఈ ఫోటో, స్టూడియోవాళ్ల ఇంట్లో ఈమధ్యే బయటపడింది. కంబోడియావాళ్లూ మనలాగే ఈ పక్షంలోనే పెద్దలకు అన్నం పెడతారు. గుడిలో చనిపోయినవాళ్ల పేర్లు చదివిస్తారు. భిక్షువు అమ్మగారు తన తండ్రి పేరు ఇంతవరకూ ఇవ్వలేదు. ఆయన ఎప్పటికైనా వస్తాడనే నమ్మకంతో ఉంది.

"ఒక్క నొక్కుతో మచ్చ పోదా?"

"పోతుంది భంతే. కానీ కింద ఏముందో కంప్యూటర్ పక్కవాళ్ల చొక్కాలు చూసి ఊహిస్తుంది."

నొక్కి చూపించాను. కర్నల్ పతకాలు వచ్చి తాతయ్య ఛాతీ మీద కూర్చున్నాయి. భిక్షువు టీ కప్పు కింద పెట్టేశాడు. "ఇది అబద్ధం," అని వెంటనే తీసేశాను.

తర్వాత నా పద్ధతిలో చేశాను: రంగులు విడదీయడం, మచ్చ పలచబడే పొరను పట్టుకోవడం, అందులో లేనిదేదీ చేర్చకపోవడం. ఎరుపు పొరలో ముందు జేబు కుట్టు తేలింది. తర్వాత గుండీ. దాని పైన రిబ్బన్ల పట్టీ, రెండు పతకాలు. ఒకటి కొంచెం వంకరగా వేలాడుతోంది.

"ఇవి నిజమైనవేనా?"

"నిజమైనవే."

అతను అమ్మకు ఫోన్ చేశాడు. నాకు అర్థంకాని భాషలో కాసేపు మాట్లాడి, నా వైపు తిరిగాడు. "ఎవరైనా భయపడుతున్నట్టు ఉన్నారా అని అడుగుతోంది."

ఒక్కొక్క ముఖమే పెద్దది చేశాను. జనరల్ గడ్డం ఎత్తి నిలబడ్డాడు. గవర్నర్ ఏదో చెబుతున్నాడు, కర్నల్ నవ్వు ఆపుకుంటున్నాడు. తాతయ్య నేరుగా కెమెరాలోకి చూస్తున్నాడు.

"ఎవరూ భయపడుతున్నట్టు లేరు."

అతను అదే అమ్మకు చెప్పాడు. ఫోన్‌లో ఆవిడ ఒక పేరు విడివిడిగా పలికింది. అది తాతయ్య పేరని, ఈ ఏడాది గుడిలో చదివించమందని అతను చెప్పాడు.

ఫైలు పంపబోతూ మొత్తం ఫోటో తెరిచాను. ఎడమ అంచున, ఇంతకుముందు మసకలో తెలియని చోట, వెనక తలుపు దించిన లారీ ఉంది. పక్కన తుపాకీ పట్టుకున్న కుర్రవాడు, వీళ్లనే చూస్తూ.

"ఇది కత్తిరించి పంపనా భంతే?"

"వద్దు దాదా. ఉండనీ."