అంటించిన పేజీల లైబ్రరీ

మా అమ్మకి అక్క, నాకు పెద్దమ్మ, లైబ్రేరియన్. వెనకాల అందరూ ఆవిడని "జిగురు మేడం" అంటారు. ఆ పేరు వింటే నాకు ఒళ్ళు మండుతుంది. ఆవిడ మాత్రం నవ్వేసి ఊరుకుంటుంది. ఆ జిగురు కాచింది మా వంటింట్లో, కాచింది నేను. కాబట్టి ఆవిడ గురించి ఎవరైనా చెప్పాలంటే ముందు నేనే చెప్పాలి.

లైబ్రరీ అంటే ఒక పొడవాటి గది. గోడల పొడుగునా బీరువాలు, మధ్యలో బల్లలు, కిటికీ దగ్గర రంగు వెలిసిన మెత్త వేసిన చెక్క కుర్చీ. పెళ్ళి వద్దనుకున్న పెద్దమ్మకి ఇల్లయినా సంసారమయినా ఆ గదే. పొద్దున తాళం తీస్తూ తలుపుని పలకరిస్తుంది. "ఏమే, బాగా నిద్రపట్టిందా?" అంటుంది. ఒట్టు, నా చెవులతో విన్నాను.

అలాంటి గదికి జనం రావడం మానేశారు. పేపరు చదివే ముసలివాళ్ళు, ఫ్యాను కింద కునుకు తీసేవాళ్ళు తప్ప పుస్తకం అడిగే నాథుడు లేడు. పెద్దమ్మ ఈగలు తోలుకుంటూ కూర్చునేది. టౌను ఆఫీసువాళ్ళు ఖరాఖండీగా చెప్పేశారు: ఏడాది చివర్లో ఆఫీసరు వచ్చి చూస్తాడు, అప్పటికీ పాఠకులు లేకపోతే గదిని క్యారమ్స్ క్లబ్బుకి ఇచ్చేస్తారు. ఆ మాట విన్న రోజు పెద్దమ్మ ముద్ద ముట్టలేదు. "నా పుస్తకాలని గోనె సంచుల్లో వేసి ఎక్కడ పడేస్తారే?" అని చిన్నపిల్లలా ఏడ్చింది.

సరిగ్గా అప్పుడే లైబ్రరీ కమిటీకి నీతి జ్వరం పట్టుకుంది. ఎవరో తల్లికి కూతురి సంచిలో మా లైబ్రరీ నవల దొరికింది. అందులో పెళ్ళయినావిడ ఒకతి మొగుణ్ణి వదిలేసి పడవవాడితో వెళ్ళిపోతుంది. ఇంకేముంది, అందరూ ముక్కున వేలేసుకున్నారు. పెద్దమ్మ తన పద్దెనిమిదో ఏట ఆ నవల చదివి, ఏడ్చి, మళ్ళీ చదివింది. ఆవిడేమీ చెడిపోలేదు, లైబ్రేరియన్ అయిందంతే.

కమిటీకి పెద్ద మా మాస్టారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయన పక్కన డాక్టరు గారి భార్య, మందుల షాపాయన. ముగ్గురూ వంతులేసుకుని ఆ నవలని "పరిశీలన కోసం" ఇంటికి తీసుకెళ్ళారు. మందుల షాపాయన పరిశీలన ఎంతకీ తెమల్లేదు. రెండోసారి కూడా పరిశీలిస్తే గానీ నిర్ణయం చెప్పలేనన్నాడు. ఎంత బాధ్యతో చూడండి!

చివరికి సమావేశం పెట్టారు.

"తగలబెట్టేద్దాం" అంది డాక్టరు గారి భార్య.

"ఆఫీసు ఆస్తండీ. తగలబెడితే మన పీకల మీదికొస్తుంది" అన్నాడు మందుల షాపాయన.

మాస్టారు గొంతు సవరించుకున్నారు. "ఇదొక్కటే కాదు, అన్ని నవలల్లోనూ చెడ్డ పేజీల వరకు జిగురుతో అంటించేద్దాం. అట్ట మీద ఎర్ర చుక్క పెడదాం. పద్దెనిమిది నిండనివాళ్ళకి ఇవ్వొద్దు."

"నిండినవాళ్ళ కోసం అంటించడం దేనికండీ?" అని అడిగింది పెద్దమ్మ.

"నిండినవాళ్ళు మాత్రం చెడిపోరా అమ్మా?" అన్నారు మాస్టారు.

దాంతో ఊరుకోలేదు. ఎర్ర చుక్క పుస్తకం కావాలంటే ఎవరైనా సరే పెద్దవాళ్ళని వెంట తెచ్చుకోవాలని తీర్మానించారు. ఎవరైనా అంటే ఎవరైనానే. మర్నాడు బట్టతల గుమాస్తా ఒకాయన వస్తే పెద్దమ్మ నీళ్ళు నములుతూ ఆ రూలు చెప్పింది. పాపం, ఆయన వెళ్ళి వాళ్ళమ్మని రిక్షాలో తీసుకొచ్చాడు.

"వీడు చిన్నప్పటి నుంచీ బుద్ధిమంతుడేనమ్మా, ఇచ్చెయ్" అంది ముసలావిడ. వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "వీడి తర్వాత నాకు" అంది.

నేను మైదా ఉడికించి గిన్నెతో తీసుకెళ్ళేదాన్ని. పెద్దమ్మ బల్ల మీద పాత పేపరు పరుచుకుని, కమిటీ గుర్తు పెట్టిన పేజీలకి బ్రష్షుతో జిగురు రాసి, తలొంచుకుని అంటించేది. పడవవాడి నవల దగ్గరికొచ్చేసరికి బ్రష్షు కింద పెట్టేసింది. "ఈ పేజీలో ఆవిడ ఏమంటుందో తెలుసా? నాకు కంఠతా వచ్చు" అంది. ఏమంటుందో మాత్రం చెప్పలేదు. కళ్ళు తుడుచుకుని అంటించేసింది. కమిటీవాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాను. నేను తిడితే ఎవరికి లెక్క?

ఇక్కడే ఆ మేధావులు బోల్తా పడ్డారు. అంతకుముందు చెడ్డ పేజీ ఎక్కడుందో తెలియాలంటే పుస్తకమంతా చదవాలి. ఇప్పుడా బాధ లేదు, అంచు చూస్తే చాలు, ఎక్కడ మందంగా ఉంటే అక్కడే సరుకు. జనం ఎగబడ్డారు. ఇళ్ళల్లో టీ కెటిల్ ఆవిరి పేజీలకి పట్టి నెమ్మదిగా విప్పుకునేవాళ్ళు. చదివాక మళ్ళీ అంటించి మర్యాదగా తెచ్చిచ్చేవాళ్ళు. కొందరయితే పెద్దమ్మ కంటే నున్నగా అంటించేవాళ్ళు. కమిటీ మాత్రం పొంగిపోయింది. తమ చర్యల వల్లే యువతలో పఠనాసక్తి పెరిగిందట!

మాస్టారికి మాత్రం ఒక దిగులు ఉండిపోయింది. ఆయన కూడా నవల రాశారు. సొంత ఖర్చుతో అచ్చు వేయించి లైబ్రరీకి ఇచ్చారు. అందులో కథానాయకుడు పొద్దున్నే లేస్తాడు, పళ్ళు తోముకుంటాడు, పెద్దల మాట వింటాడు. చివరిదాకా వింటూనే ఉంటాడు. ఆ పుస్తకాన్ని ఎవరూ ముట్టలేదు, ఇంట్లో ఆయన భార్యతో సహా. వచ్చినప్పుడల్లా ఆయనే దాన్ని బీరువాలోంచి తీసి, నలుగురి కంట పడేలా బల్ల మీద తెరిచి పెట్టి వెళ్ళేవారు.

ఒకరోజు అలాగే తెరిచి, బోర్లా పెట్టి వెళ్ళారు. పెట్టింది సరిగ్గా పెద్దమ్మ జిగురు పేపరు మీద. పెద్దమ్మ చూసుకోకుండా సాయంత్రం దాన్ని మూసి బీరువాలో సర్దేసింది. పొద్దునకి రెండు పేజీలు అతుక్కుపోయి ఉన్నాయి.

మొదట చూసింది బట్టతల గుమాస్తా. "మేడం! మాస్టారి పుస్తకంలో కూడానా!" అన్నాడు గుడ్లప్పగించి.

పెద్దమ్మ నోరు తెరిచింది. అంతలోనే గది పోతుందన్న సంగతి గుర్తొచ్చింది, నోరు మూసేసింది.

వారం తిరక్కుండా మాస్టారి నవల కోసం జనం క్యూ కట్టారు. ఆ రెండు పేజీల్లో ఉన్నది కథానాయకుడు పళ్ళు తోముకునే విధానం. విప్పి చూసినవాళ్ళు ఒప్పుకోలేదు. "పైకి పళ్ళు తోముకోవడమే. మాస్టారు మామూలోడు కాదు, లోపల ఏదో పెట్టాడు" అని గుసగుసలు. మా ఇంటికి పాలు పోసే ఆవిడ కూడా నన్ను పక్కకి పిలిచి అడిగింది.

ఆఫీసరు రావాల్సిన రోజు రానే వచ్చింది. గది కిటకిటలాడుతోంది. ఆఫీసరు కంటే ముందు మాస్టారు ఊడిపడ్డారు, చేతిలో తన నవల, మొహం కందగడ్డ.

"ఏమ్మా, నా పుస్తకం అంటించమని నీకెవరు చెప్పారు? మా ఆవిడ జన్మలో మొదటిసారి నా నవల చదివి, ఆ పళ్ళు తోముకునేది ఎవత్తి ఇంట్లోనని నన్ను నిలదీస్తోంది! ఇప్పుడే అందరి ముందూ చెప్పేస్తాను, ఇందులో ఏమీ లేదని!"

"అంటించింది మీరే మాస్టారూ. తడి జిగురు మీద బోర్లా పెట్టి వెళ్ళారు" అంది పెద్దమ్మ. "చెప్పండి. మీ ఇష్టం. చెబితే వీళ్ళంతా వెళ్ళిపోతారు. రేపటి నుంచి ఇక్కడ క్యారమ్స్ ఆడుకుంటారు."

అప్పుడే ఆఫీసరు లోపలికొచ్చాడు. జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇంతమందా! ఏ పుస్తకం కోసం?"

క్యూలో ఉన్నవాళ్ళు మాస్టారి చేతిలోది చూపించారు.

"రచయిత ఎవరండీ?"

మాస్టారు క్యూ వైపు చూశారు. చేతిలో పుస్తకం వైపు చూశారు. కందగడ్డ మొహం మెల్లగా వెలిగింది.

"నేనేనండి" అన్నారు.

గది దక్కింది. ఆఫీసరు కూడా ఆ పుస్తకాన్ని "పరిశీలన కోసం" పట్టుకెళ్ళాడు. జనం పల్చబడ్డాక మాస్టారు పెద్దమ్మ బల్ల దగ్గరికి జరిగారు.

"అమ్మా, రెండో భాగం కూడా రాశాను. మరి... ఎక్కడెక్కడ అంటిస్తే బావుంటుందంటావ్?"

నేను పగలబడి నవ్వాను. పెద్దమ్మ నవ్వలేదు. "మీరు చెప్పిన చోటల్లా అంటిస్తాను మాస్టారూ. బదులుగా పడవవాడి నవల విప్పేస్తాను, ఎర్ర చుక్క తీసేస్తాను. సరేనా?" అంది. ఆయన రెండో భాగం ధ్యాసలో సరేనన్నారు.

ఆ రోజే విప్పింది. తడిగుడ్డ పెట్టి, ఒక్క అక్షరం చెదరకుండా, పసిపిల్ల జడ విప్పినట్టు విప్పింది. ఎర్ర చుక్క గీకేసింది. నవలని అందరికీ కనిపించేలా ముందు వరసలో నిలబెట్టి, కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుని ఎదురుచూసింది.

ఎవరూ ముట్టలేదు. వచ్చినవాళ్ళు దాని అంచు చూసి, పలచగా ఉందని పక్కకి నెట్టి, మాస్టారి రెండో భాగం ఎప్పుడొస్తుందని అడిగేవాళ్ళు. చివరికి ఒక కాలేజీ అమ్మాయి దాన్ని చేతిలోకి తీసుకుంది. పెద్దమ్మ కుర్చీలోంచి లేచింది. ఆ పిల్ల అటూ ఇటూ తిప్పి, "ఇందులో ఏమీ లేనట్టుంది మేడం" అని తిరిగి పెట్టేసింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ ఆ నవలని ఒళ్ళో పెట్టుకుని మా వంటింటి గుమ్మం మీద కూర్చుంది. తనకి కంఠతా వచ్చిన పేజీ మీద చాలాసేపు చెయ్యి వేసి ఉంచింది.

"ఆ పిల్ల ఇది చదవాలే" అంది. "కాస్త జిగురు కాచి పెట్టు."

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. స్టవ్ వెలిగించి మైదా కలిపాను.