తడి తువ్వాలూ జపాను కారూ

ఖమ్మం నుంచి భద్రాచలం మీదుగా మణుగూరు వెళ్లదలచినవారు పొద్దున అయిదున్నర ఎక్స్‌ప్రెస్సు పట్టుకోవడం మేలు. ఎడమవైపు కిటికీ సీటు చూసుకోండి. తల్లాడ దాటి బస్సు మలుపు తిరిగాక ఎండ కుడివైపు వాళ్ల మొహాన కొడుతుంది. మొన్న మే నెలలో నేను ఆ బస్సు ఎక్కాను. చేతిలో ఒక సంచి. అందులో రెండు జతల బట్టలు, మా ఆవిడ సరోజిని కట్టిచ్చిన పులిహోర, మడతలు చిరిగిన ఒక పత్రిక ముక్క. ఆ ముక్కలో ఉన్నది పదకొండేళ్ల కిందట నేను అచ్చువేయించిన అబద్ధం. దాన్ని ఎవరి మీద రాశానో ఆ మనిషిని వెతుక్కుంటూ బయల్దేరాను.

కాబట్టి ముందు ఆ పాత ప్రయాణం చెప్పాలి.

ఎనభై అయిదు ఎండాకాలంలో నేనూ సరోజినీ భద్రాచలం, పర్ణశాల చూడాలనుకున్నాం. నాకు సొంత కారు ఉండేది, మన దేశంలో తయారైనదే. దాని గురించి నా ఎరువుల కొట్లో కూర్చుని వచ్చినవాళ్లందరికీ గొప్పలు చెప్పేవాణ్ణి. సరిగ్గా ఆ వారం అది షెడ్డులో పడింది. “మీ కారు షెడ్డులో ఉంది, మీ గొప్పలు మాత్రం రోడ్డు మీదున్నాయి” అంది సరోజిని. చేసేదిలేక ఖాజామియా కారు కిరాయికి మాట్లాడాను.

ఖమ్మం టాక్సీ స్టాండులో ఖాజామియాది ఒక్కటే జపాను కారు. లేత ఆకుపచ్చ రంగు. డెబ్భైల్లో ఎవరో విదేశీ ఇంజనీరు విశాఖ రేవులో దించుకున్నది, చేతులు మారి మారి ఖమ్మం చేరింది. బండి కదిలిన దగ్గర్నుంచీ ఖాజామియా దాని చరిత్ర చెబుతూనే ఉన్నాడు.

“ఈ కంపెనోళ్లు ముందుగాల మగ్గాలు చేసెటోళ్లట, రావు సాబ్. మా తాత దూది ఏకెటోడు. వాళ్లు మగ్గం ఇడిసి కారు మీదికొచ్చిండ్రు, నేను ఏకుడు విల్లు ఇడిసి కారు మీదికొచ్చిన. ఒక్క తీరు ఖాందాన్!”

సరోజిని పకపకా నవ్వింది. నేను నవ్వలేదు. నా బాధ వేరు. ఆ రోజుల్లో వేసవిలో అడవిదారిన వెళ్లే ప్రతి డ్రైవరూ వాగు కనపడితే ఆగేవాడు. బానెట్టు ఎత్తి, రేడియేటర్లో నీళ్లు పోసి, ఇంజన్ పక్కనుండే పెట్రోలు పంపుకు తడిగుడ్డ చుట్టేవాడు. పెట్రోలు వేడికి ఆవిరైపోతే బండి ఆగిపోతుంది. పన్నెండేళ్లు నేనూ అదే చేశాను. నా భుజం మీది తువ్వాలు అందుకోసమే ఉండేది. ఈ కారేమో ఖమ్మం నుంచి భద్రాచలం దాకా గుక్కెడు నీళ్లడగలేదు. నాకది నచ్చలేదు.

పర్ణశాల దారిలో ఖాజామియా నమాజు వేళకు చెట్టు కింద ఆపి, అవతలికి వెళ్లాడు. వెనక సీట్లో సరోజిని కునుకు తీస్తోంది. నేను దిగి, బానెట్టు ఎత్తి, క్యానులో నీళ్లతో తువ్వాలు నిండా తడిపి పంపుకు చుట్టాను. దాన్ని ఆనుకునే డిస్ట్రిబ్యూటర్ ఉంది. ఒక్కో ప్లగ్గుకూ కరెంటు పంచేది అదే. నీళ్లు దాని మీదికి కారుతున్నాయన్న ధ్యాస నాకు లేదు.

రెండు ఫర్లాంగులు పోయి కారు ఆగిపోయింది. అందరికంటే ముందు నేనే దూకి, బానెట్టెత్తి, తువ్వాలు లాగి భుజాన వేసుకున్నాను. ఖాజామియా వచ్చి ప్లగ్గు తీసి చూశాడు. నిప్పు రావడం లేదు. ఆ నిప్పుకు కరెంటు పుట్టించేది కాయిల్. “కాయిల్ వేడైనట్టుంది, సాబ్. జరసేపు సల్లారనిద్దాం” అన్నాడు, చిన్నబోయిన మొహంతో. మూడు గంటలు కూర్చున్నాం. ఆ ఎండకు నా తువ్వాలు ఆరింది, ఇంజన్లో తడీ ఆరింది. సాయంత్రం తాళం తిప్పగానే కారు లేచింది.

అప్పుడు ఒక్క మాట చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. పైగా జిల్లా వారపత్రికకు నేను అప్పుడప్పుడూ యాత్రలు రాసేవాణ్ణి కాబట్టి “మన అడవికి మొక్కిన జపాను కారు” అని పేరుపెట్టి మరీ రాశాను. టాక్సీ స్టాండు వాళ్లు దాన్ని టీ కొట్టు గోడకు అంటించారు. కిరాయికి వచ్చినవాళ్లకు చదివి వినిపించారు. ఆ ఏడు తిరక్కుండానే ఖాజామియా ఊరు విడిచి మణుగూరు వెళ్లి, అక్కడ మెకానిక్కు షెడ్డు పెట్టుకున్నాడని విన్నాను. విని ఊరుకున్నాను.

మొన్నటి ప్రయాణానికి వారం ముందు మా పక్కింటాయన చిన్న జపాను రకం కారు కొనాలనుకుని, ఆ పత్రిక ముక్క పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. “మీరే రాశారు కదండీ, అడవిలో ఆగిపోతాయని. అందుకే మానుకుంటున్నా” అన్నాడు. పదకొండేళ్లు దాచుకున్నాడు! ఆయనకు అక్కడే నిజం చెప్పి, ముక్క తీసుకున్నాను. తర్వాత సరోజినికి చెప్పాను.

“ఆ రోజు తువ్వాలు తడిసిందేమని అడిగితే చెమటన్నారు” అంది. పత్రిక ముక్క మడిచి నా చేతిలో పెట్టి, “నాకు చెప్తే ఏమొస్తుందండీ? వెళ్లి ఆయనకే చెప్పండి” అంది.

ఇక మొన్నటి ప్రయాణం. ఏడుంపావుకి ఏన్కూరులో టీ తాగాను. తొమ్మిదికి కొత్తగూడెం. బస్సు పది నిమిషాలే ఆగుతుంది కాబట్టి ఇడ్లీ పొట్లం కట్టించుకుని లోపలే తినడం మంచిది. పాల్వంచ దాటాక రోడ్డుకు రెండువైపులా టేకు చెట్లు ఆకురాల్చి నిలబడ్డాయి. కింద తునికాకు కట్టలు ఎండబెట్టి ఉన్నాయి. పది ముప్పావుకు గోదావరి వంతెన. మే నెల కాబట్టి నీళ్లు ఒక పాయగా, మిగతాదంతా ఇసుక. రామయ్య దర్శనం అరగంటలో అయింది. చెప్పాల్సిన మాటను దేవుడి ముందు ఒకసారి చెప్పి చూసుకున్నాను. అక్కడ సులువుగానే వచ్చింది. నది మెట్ల మీద నీడ చూసుకుని పులిహోర తిని, పన్నెండున్నరకు మణుగూరు బస్సెక్కాను.

పక్కసీట్లో మామిడికాయల గంపతో ఒక పెద్దమ్మ కూర్చుంది. ఆమె అశ్వాపురంలో దిగాలి. ఖాజామియా అనే మెకానిక్కు తెలుసా అని అడిగాను.

“జపాను ఖాజాభాయా? ఎందుకు తెల్వదు! మా కోడలు నొప్పులు పడుతుంటే వానల భద్రాచలం దవాఖానాకు గాయన కారుల్నే తీస్కపోయినం. మా మరిది ట్రాక్టరు బురదల దిగబడ్డది. గా కారు పిల్లి లెక్క పోయింది. మనుమరాలు పుట్టింది. జపానమ్మ అని పిలుస్తం.”

“అసలు పేరేంటమ్మా?”

“స్కూల్ల ఏదో రాయించిండ్రు. పిలిస్తె పలుకదు.”

ముందు సీటు మీద ఆనుకుని నిలబడ్డ కండక్టరు అందుకున్నాడు. “మా బస్సు ఆగినప్పుడల్లా గాయన ఎన్కనుంచి వచ్చి హారన్ కొట్టి పోతడు సార్. మా డ్రైవరుకు గాయన్ని చూస్తెనే మంట.”

“నడుపుడు రానోళ్లకు మంట ఎందుకుండదే?” అంది పెద్దమ్మ. బస్సులో సగంమంది నవ్వారు. డ్రైవరు వెనక్కి తిరిగి చూశాడు. ఆ కారు అడవికి మొక్కిందని రాసినవాణ్ణి నేను. అడవిలో దాని పేరు పెట్టి పిల్లను పిలుచుకుంటున్నారు.

రెండూ పదికి మణుగూరు. గని కార్మికుల కాలనీకి వెళ్లే రోడ్డులో రేకుల షెడ్డు, ముందర లేత ఆకుపచ్చ కారు. రంగు కొత్తగా వేసినట్టుంది. ఖాజామియా గడ్డం తెల్లబడింది. నన్ను చూసి రెంచీ పట్టుకునే లేచాడు.

“అరె రావు సాబ్! గిన్నేండ్లకు యాదికొచ్చిన్నా?”

పత్రిక ముక్క చేతికిచ్చాను. ఆయన మడత విప్పలేదు. “దీనిల ఏమున్నదో నాకు నోటికొస్తది, సాబ్” అన్నాడు.

“ఒక సంగతి అందులో రాయలేదు, భాయ్. నువ్వు నమాజుకు వెళ్లినప్పుడు నేను తువ్వాలు తడిపి పంపుకు చుట్టాను.”

రెంచీ కింద పెట్టాడు. “నీళ్లు కారేటట్టా?”

“కారేటట్టే.”

“పక్కన డిస్ట్రిబ్యూటర్ ఉంటది.”

“అవును.”

“మల్ల తువ్వాల ఎప్పుడు తీసినవ్?”

“నువ్వు దిగేలోపు.”

ఖాజామియా స్టూలు మీద కూర్చున్నాడు. మీరు పోయి నువ్వు వచ్చింది కానీ గొంతు పెంచలేదు. “కాయిల్ మార్చిన. వైర్లు మార్చిన. రెండుసార్లు ఇంజన్ దించి చూసిన. ఎన్నడు మల్ల ఆగలే. మరి గా దినం ఎందుకాగింది? గదే సోంచాయించుకుంట బండిని అనుమానించిన, నా చేతుల్ని అనుమానించిన. స్టాండుల నవ్వుతుంటె ఊరిడిసిన. నువ్వు ఒక్క మాట చెప్తె రెండు నిమిషాల పని గద, సాబ్.”

“తప్పయింది, భాయ్.”

“తప్పు సంగతి మల్ల మాట్లాడుదాం” అని లేచాడు. “ముందుగాల కట్టి సూపియ్.”

లోపల్నుంచి బిస్కెట్ల డబ్బా తెచ్చాడు. అందులో గుడ్డలో చుట్టి ఒక కాయిల్ ఉంది. “దీని అసలు కాయిల్. జపాన్ల పుట్టినప్పుడు పెట్టింది. దీన్నే తప్పు పట్టి పీకేసిన. ఎప్పుడు చూసినా నిప్పు మంచిగనే ఇస్తది. పారెయ్య బుద్ధిగాలే” అంటూ కొత్తదాన్ని తీసి దాన్ని బిగించాడు. అప్పుడే పొద్దుటి షిఫ్టు దిగిన కార్మికులు సైకిళ్లు ఆపి చుట్టూ చేరారు. విషయం తెలుసుకుని బకెట్టు నీళ్లు వాళ్లే తెచ్చారు.

నేను తువ్వాలు తడిపి, అచ్చం ఆ రోజు చుట్టినట్టే చుట్టాను. ఖాజామియా నన్ను పక్కన కూర్చోబెట్టుకుని కారు తీశాడు. టైర్ల కుప్ప దాటింది. కిరాణా కొట్టు దాటింది. కాలనీ గేటు దగ్గర రెండుసార్లు దగ్గి ఆగిపోయింది.

“ఆగింది! ఖుదా కసం, ఆగింది!” ఖాజామియా స్టీరింగు మీద చేత్తో బాదాడు. వెనక పరుగెత్తుకొచ్చిన వాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఆగిన కారుకు అంత సంబరం నేనెక్కడా చూడలేదు. “ఏంది ఖాజాభాయ్, బండి చెడిపోతే మిఠాయి పంచుతవా?” అన్నాడొక కార్మికుడు. “పంచుతా!” అన్నాడీయన.

దిగి డిస్ట్రిబ్యూటర్ మూత తీశాడు. లోపల నీటి చుక్కలు. లుంగీ అంచుతో తుడిచి, మూత పెట్టి, తాళం తిప్పాడు. పాత కాయిల్‌తో ఇంజన్ లేచింది. ఖాజామియా బానెట్టు మీద చెయ్యి వేసి అలాగే నిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని నా వైపు తిరిగాడు.

“ఎండాకాలం నీళ్లెక్కడియని మూత తీసి చూడలే. గది నా తప్పు. మిగిలింది మీది. ఖమ్మం స్టాండుల మీ నోటితోని చెప్పాలె. రేపే పోదాం.”

మిఠాయి నిజంగానే పంచాడు. వాళ్లింట్లో బిర్యానీ తిని, అక్కడే పడుకున్నాను. ఆయన భార్య, “గీయన పదకొండేండ్ల సంది ఇట్ల నవ్వలే, అన్నా” అని ఇంకో గరిటె వడ్డించింది.

మర్నాడు పొద్దున ఆరింటికి బయల్దేరాం. అదే దారి, అదే కారు. కాయిల్ మాత్రం మళ్లీ దాని సొంతది. పాల్వంచలో ఆగాం, ఏన్కూరులో ఆగాం. ఆగిన ప్రతిచోటా ఖాజామియా దిగేముందు చెయ్యి చాపేవాడు. “తువ్వాల ఇటియ్యిండ్రి, సాబ్.” నేనిచ్చేవాణ్ణి. ఆయన దాన్ని తన భుజాన వేసుకుని టీకి దిగేవాడు. ఎండ ముదిరింది. కారు గుక్కెడు నీళ్లడగలేదు. ఈసారి నాకది నచ్చింది. బస్సులో అయితే మణుగూరు ప్రయాణానికి రోజంతా పెట్టుకోండి. ఖాజామియా కారు దొరికితే దారి చిన్నదవుతుంది, కబుర్లు పెద్దవవుతాయి.

పదింటికి ఖమ్మం టాక్సీ స్టాండు. పాతవాళ్లలో మిగిలింది వెంకటయ్య ఒక్కడే. అప్పట్లో నా రాతను టీ కొట్టు గోడకు అంటించింది అతనే. కొత్త డ్రైవర్లు చుట్టూ మూగారు. కారు పక్కన నిలబడి, తువ్వాలు దగ్గర మొదలుపెట్టి డిస్ట్రిబ్యూటర్ దాకా, నమాజు చెట్టు దగ్గర మొదలుపెట్టి ఈ టీ కొట్టు గోడ దాకా, ఏదీ వదలకుండా చెప్పాను. ఆ వారపత్రిక ఇప్పుడు లేదు కాబట్టి ఇక్కడా రాస్తున్నాను. ఆ రోజు అడవిలో చెడింది కారు కాదు.

వెంకటయ్య అంతా విని ఖాజామియాను కావలించుకున్నాడు. తర్వాత కారు చుట్టూ తిరిగి, బానెట్టు మీద అరచెయ్యి పెట్టి చూసి, చురుక్కుమనడంతో తీసేశాడు.

“అంతా మంచిగనే ఉంది గని భాయ్, గింత ఎండల మణుగూరు నుంచి వచ్చింది. జర తడిగుడ్డ ఏద్దామా?” అని అప్పటికే బకెట్టులో తన తువ్వాలు ముంచాడు.

నేనూ ఖాజామియా ఒక్కసారే వెళ్లి బానెట్టుకు అడ్డంగా నిలబడ్డాం.