కల్లంలో కళ్లు తుడుచుకోకూడదు

మా అమ్మ ఎప్పుడు ఏడుస్తుందా అని ఆ సంవత్సరం ఊరంతా ఎదురుచూసింది. నాన్న దినం అయిన మర్నాడే పెదనాన్న మా వసారాలో కూర్చుని తేల్చేశాడు.

"ఏడ్చుకుంటా కూర్చునే ఆడదానివి, మిరప సేద్యం నీ వల్ల కాదమ్మా. పొలం కౌలుకిచ్చేయ్. నువ్వూ పిల్లా నీడపట్టున ఉండండి."

"ఏడవను బావగారూ," అంది అమ్మ తలుపు చాటు నుంచి. "పంట చేతికొచ్చే లోపు ఒక్కసారి ఏడ్చినా, అప్పుడే ఇద్దురుగాని కౌలుకి."

పెదనాన్న చెడ్డవాడు కాదు. తమ్ముడి పాడె మోస్తూ కూడా కన్ను తడవనివ్వని మనిషి. ఆయన లెక్కలో ఏడుపంటే చేతులెత్తేయడం. నాకు మాత్రం ఆయన్ని చూస్తే ఒళ్లు మండేది. ఇంటర్ చదువుతున్నాను, ఆ వయసులో ఒళ్లు మండటానికి పెద్ద కారణమూ అక్కర్లేదు.

అమ్మ నారు పోసింది, నాటించింది, మందులు కొట్టించింది. పురుగు పట్టి ఆకు ముడుచుకుపోయిన రోజు కూడా ముఖంలో ఏమీ కనపడనివ్వలేదు. "గుండె కాదే అది, రాయి" అని ఊళ్లో చెవులు కొరుక్కున్నారు. ఏడిస్తే చేతగానిది, ఏడవకపోతే రాతిగుండెది. కుండ మూతికైతే మూకుడు పెట్టొచ్చు, ఊరి మూతికి ఏం పెడతాం?

కాయ కోసి కల్లానికి చేర్చాక గానీ నాకు అసలు సంగతి తెలియలేదు. మిరప కల్లంలో అందరి కళ్లూ కారతాయి. ఎండిన కాయల్లోంచి రంగు పోయిన తాలు కాయలు ఏరే ఆడవాళ్లు తుమ్ముతూ, దగ్గుతూ, ఒకళ్లనొకళ్లు చూసి నవ్వుకుంటూ ఏడుస్తుంటారు. అక్కడ ఒకటే నియమం. చెయ్యి కంటి దగ్గరికి పోకూడదు. కాయ ముట్టిన చేత్తో కన్ను తుడుచుకుంటే ఇక అంతే సంగతులు. కారిన నీళ్లు వాటంతటవే ఆరాలి.

ఒకరోజు అమ్మ పక్కన కూర్చున్నాను. అందరి భుజాలూ తుమ్ములకు అదురుతుంటే, అమ్మ భుజాలు తుమ్ము లేకుండానే అదురుతున్నాయి.

"ఏందే అట్టా చూస్తన్నావ్? ఘాటు," అంది.

అవతల కూర్చున్న పొరుగింటి పిన్ని తల తిప్పకుండానే, "ఈ ఏడు చానా ఘాటుగా ఉందిలే అక్కా," అంది.

అంటే వరసలో ఉన్న ఆడవాళ్లందరికీ తెలుసు. ఒక్కరూ పెదనాన్న చెవిన వేయలేదు. నాకు ప్రాణం లేచొచ్చింది. అమ్మ అంత అందంగా ఉండటం నేనెప్పుడూ చూడలేదు. తల నిటారుగా ఉంది, చేతులు కాయలేరుతూనే ఉన్నాయి, చెంపల మీది ఎర్రదుమ్ములో రెండు చారలు దిగాయి.

రేపో మాపో గోతాలకెత్తుదామనగా, మిట్టమధ్యాహ్నం పిడుగురాళ్ల వైపు నుంచి మబ్బు దిగింది. కాలం కాని కాలంలో వాన. ఎండిన కాయ తడిస్తే బూజే. ఏడాది చాకిరీతో పాటు అమ్మ పంతం కూడా నీళ్లపాలవుతుంది. ఫోన్ మీద ఫోన్ చేశాను. ఆడవాళ్లు టార్పాలిన్ పట్టాలు తీసుకుని పరుగెత్తుకొచ్చారు. పెదనాన్న కూడా తన కల్లం కొడుకులకు వదిలేసి ట్రాక్టర్ మీద వచ్చాడు. చేతులతోనే కాయను కుప్ప తోసి, పట్టాలు లాగి, అంచుల మీద రాళ్లు పెట్టాం. ఆఖరి రాయి పెట్టామో లేదో, వాన కుమ్మేసింది.

వెలిశాక అమ్మ పట్టా అంచు ఎత్తి లోపలికి చెయ్యి పెట్టింది. కాయ గలగలమంది. తడి చేరలేదు.

అంతే, బురదలో చతికిలబడి గొంతెత్తి ఏడ్చింది. "పంట నిలబెట్టానయ్యో, చూడ్డానికి నువ్వు లేవయ్యో" అని నాన్నను పిలిచి పిలిచి ఏడ్చింది.

పిన్ని అలవాటు కొద్దీ, "ఘాటు బావగారూ," అంది పెదనాన్నతో. కాయంతా పట్టాల కింద ఉంది, గాలి వానకు కడిగేసినట్టుంది. ఘాటు ఎక్కడిది?

"ఘాటూ లేదు, గీటూ లేదు." అమ్మ తలెత్తింది. "ఏడుస్తన్నా బావగారూ. మీ తమ్ముడి కోసం ఏడుస్తన్నా. పంట చేతికొచ్చింది, ఇంక నా ఇష్టమొచ్చినంతసేపు ఏడుస్తా. పొలం మాత్రం ఎవరికీ ఇయ్యను."

నాకు ఈల వేయాలనిపించింది.

పెదనాన్న గిరుక్కున అటు తిరిగి, అరచేతులతో కళ్లు గట్టిగా తుడుచుకున్నాడు. బుద్ధెరిగిన దగ్గర్నుంచీ మిరప పండించిన మనిషి, కాయ తోసి ఇంకా కడుక్కోని చేతులతో! "అమ్మో" అని కేక పెట్టి కూలబడ్డాడు. మంటకు మొదలైన ఏడుపు మంటతో ఆగలేదు. "ఒరేయ్ తమ్ముడా, ఒరేయ్" అంటూ ఊళ్లో ఎవరూ ఎన్నడూ వినని గొంతుతో ఏడ్చాడు.

అమ్మ లేచి చెంబుతో ఆయన ముఖాన నీళ్లు కొట్టింది. ఆయన చెయ్యి మళ్లీ కళ్ల మీదికి పోబోతే అదే చెంబు అడ్డం పెట్టింది.

"తుడుచుకోమాకండి బావగారూ," అంది. "కారనీయండి."