నాయనను ఇంగ్లీషులో అడిగిన మాట

ఆ రోజులు తలచుకుంటే నాకు ముందు మంచే కనిపిస్తుంది. పులికాట్ సరస్సు మీద మార్గశిరపు మంచు దిగితే నీళ్లు ఎక్కడ ఆగాయో, ఆకాశం ఎక్కడ మొదలైందో తెలిసేది కాదు. నాయన ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకుంటుంటే, నేను పక్కన చేరి ఒక చిన్న పుస్తకంలోంచి ఇంగ్లీషు ముక్కలు పైకి చదివేదాన్ని. అరవైల తొలి ఏళ్లవి. నాకు పదిహేనేళ్లు, ఎస్సెల్సీ చదువుతున్నాను.

ఆ పుస్తకం మా టీచరమ్మ నెల్లూరు నుంచి తెచ్చిచ్చింది. రోజూ మాట్లాడుకునే మాటలు ఒకవైపు, వాటి తెలుగు అర్థాలు ఒకవైపు. ఎస్సెల్సీ పాసై, నాలుగు ముక్కలు ఇంగ్లీషులో మాట్లాడగలిగితే నర్సు ట్రైనింగుకు తీసుకుంటారని ఆమె చెప్పింది. ఇక నేను నేల మీద నడిస్తే ఒట్టు. హౌ ఆర్ యూ అంటే ఐ యాం వెరీ వెల్ అనాలట. మా ఊళ్లో ఎవరినైనా బాగున్నావా అంటే నడుం నొప్పితో మొదలుపెట్టి పొద్దు వాలేదాకా చెబుతారు. దొరలకు జబ్బులే రావు కాబోలు అనుకునేదాన్ని.

జవాబు చెప్పే మనిషి కావాలి గనుక నాయనకే నేర్పాను. సంతకం కూడా రాని మనిషి, వల మీంచి చూపు తిప్పకుండా "ఐ యాం వెరీ వెల్, థాంక్యూ" అనేవాడు. తక్కినవి చెవిన వేసుకోడని, నా గోల భరిస్తున్నాడంతే అని నా నమ్మకం.

అప్పుడే సరస్సు అవతలి ఊరివాళ్లు నన్ను వాళ్లింటి కోడలిగా అడిగారు. నాయన వెళ్లి మాట ఇచ్చి వస్తే ఎండాకాలం రాకముందే పెళ్లి. బడి, నర్సు టోపీ అన్నీ అక్కడితో సరి.

"ఆడబిడ్డకి దొరసాని మాటలెందుకురా? మంచి సమ్మందం. పొయ్యి మాటిచ్చిరా," అని అవ్వ రోజూ పోరుతుండేది. నాయన ఊఁ అనలేదు, ఊహూఁ అనలేదు. 

ఒక ఆదివారం తెల్లవారుతుండగా నాయన ఉతికిన పంచె కట్టుకుని, ఆకూ వక్కా, అరటిపళ్లూ మూటగట్టుకుని పడవ దగ్గరికి వచ్చాడు. ఎవరూ నాకేమీ చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు.

మా వైపు బయలుదేరే మనిషిని ఎక్కడికి అని అడగరు, కీడు. నీళ్ల మీద బతికేవాళ్లకు ఆ పట్టింపు మరీ ఎక్కువ. తెలుసుకోవాలని ఉంటే "దూరమా?" అంటారు. నోరుజారి ఎవరైనా అడిగితే, ఆ మనిషి వెనక్కి వచ్చి కూర్చుని, మంచినీళ్లు తాగి మళ్లీ కదలాలి. శుభకార్యానికైతే ఆ రోజుకు మానుకోవడమే. పెళ్లి మాట ఆడపిల్ల ఎత్తడం అసలే లేదు. కానీ ఈ కట్టుబాట్లన్నీ తెలుగు మాటలకే కదా అనిపించింది. నాయన పడవ నెడుతుండగా, ఆపుకోలేక అడిగేశాను.

"వేర్ ఆర్ యూ గోయింగ్, నాయనా?"

"ఏందే అది?" అంది అవ్వ.

"పాఠం అవ్వా," అన్నాను.

నాయన నా వైపు చూసి నవ్వాడు. "ఐ యాం వెరీ వెల్, థాంక్యూ," అని గెడ వేశాడు. తెరచాప మెల్లగా మంచులో కలిసిపోయింది.

ఆ పగలంతా ఒడ్డున కూర్చున్నాను. మంచు విడిచింది, గాలి లేచింది, పొడుగు కాళ్ల కొంగలు లోతులేని నీళ్లలో అడుగులేస్తూ దూరమయ్యాయి. నాయన అవతలికి చేరితే నా చదువు పోతుంది. చేరకపోతే నా నోటి పాపమే. ఏ భాషలో అడిగినా అడిగినట్టే కదా! దేవుడికి ఇంగ్లీషు రాకుండా ఉంటే బాగుండునని మొక్కుకున్నాను. కళ్లు మూతలు పడ్డప్పుడల్లా తెల్లబట్టలతో నెల్లూరు వీధుల్లో నడుస్తున్నట్టు ఉండేది. తెరిస్తే ఎదురుగా ఖాళీ నీళ్లు.

పొద్దు వాలాక తెరచాప కనిపించింది. నాయన దిగాడు. చేతిలో మూట కట్టిన ముడి విప్పకుండానే ఉంది.

"గాలి పడిపోయినాది. ఆ ఒడ్డుకి చేరలా," అన్నాడు అవ్వతో.

అవ్వ గొణుక్కుంటూ లోపలికి వెళ్లింది. నేను కదలలేదు. పొద్దుటి నుంచి గాలి నా జడను కొడుతూనే ఉంది.

నాయన తాడు చుట్టుకుంటూ, తల ఎత్తకుండా అన్నాడు. "మంచి పనికని బయల్దేరినోణ్ణి యాడికి అని అడిగితే ఎట్ట పొయ్యేది పాపా? నీళ్ల నడిమి దిబ్బ కాడ పడవ ఆపుకోని పొద్దంతా కూర్చున్నా."

నేను పడవ దగ్గరికి వెళ్లాను. "నీకు అర్థమైందా నాయనా?"

"ఇన్నాళ్లుగా నా చెవి కాడే గదా చదువుతాండావు. నేను మాత్రం మనిషిని గాదా?"

ఆ మాటకు సిగ్గుతో నేలకేసి చూస్తుండిపోయాను. ఆయన తాడు పక్కన పెట్టాడు.

"నువ్వడిగిందానికి జవాబు ఎతుక్కున్నా. నీ చదువు ఆపేసి నేను యాడికి పోతాండానో నాకే తెలీలా. రేపు వాళ్లకి కబురు పంపిస్తాలే, బిడ్డ చదువుకుంటాదని."